నల్లదీపపు వెలుగులో మన ఇంటి వస్తువులు

దీపము వెలిగించి పండుగ జరుపుకొనుట మనవారి వాడుక. ఉన్న దీపములన్నియు ఆర్పి, కిటికీలకు దుప్పట్లు కట్టి, కారుచీకటి చేసికొని పండుగ జరుపుదుమన్న మాట మన సంఘపు సభలో వినబడినపుడు పెద్దలు కలవరపడుటలో వింత లేదు. గత యుగాదికి నెలదినముల ముందు చిన్నమనూరులో మన కుటుంబములవారము కూడియుండగా, కోయంబత్తూరునందును మధురయందును బెంగుళూరునందును చదువుకొనుచున్న మన పిల్లలు ఈ కోరికను బయటపెట్టిరి. వారు దానిని "బ్లాక్ లైట్ పార్టీ" యనిరి. తెలుగులో దాని పేరేమి యని యొక పెద్దాయన అడుగగా వారికేమియు తోచలేదు. "నల్లదీపము" అని మేమంటిమి. ఆ పేరే నిలిచినది. మూల కూర్చున్న అవ్వ యొకతె మాత్రము, "పండగపూట దీపం ఆర్పేదేందిరా నాయనా? ఇంట్లో లచ్చిమి నిలుస్తాదా?" అని అడిగినది. ఆ ప్రశ్నకు సభలో ఎవ్వరును నవ్వలేదు.

పిల్లల కోరికను త్రోసివేయుట సులభమే. కాని మన యుగాది సభల స్థితి చదువరులెరుగనిది కాదు. ఉదయము పచ్చడి, పిమ్మట పంచాంగశ్రవణము, పెద్దల ఉపన్యాసములు, చిన్నపిల్లల పాటలు, మధ్యాహ్నము భోజనము. పదునారేండ్లు దాటినవారు భోజనమువేళకు వచ్చి, చేయి కడుగుకొనగనే పోవుచున్నారు. విశ్వనాథ నాయకుడు 1529 ప్రాంతమున మధుర నేలుటకు వచ్చిన నాటినుండియు, దానికి కొంత ముందువెనుకలుగను, ఈ సీమకు వచ్చి స్థిరపడి ఇంటిలో తెలుగును నిలుపుకొన్న కుటుంబములు మనవి. తెలుగు మాటలాడుదుము, చదువుట మాత్రము మనలో బహుకొద్దిమందికే వచ్చును. పిల్లలు తమిళము వ్రాయగలరు, ఇంగ్లీషు వ్రాయగలరు. ఇంటిభాషలో తమ ఇంటిపేరు వ్రాయలేరు. అట్టివారు మొదటిసారిగా తామై సంఘమునకు వచ్చి, ఒక సాయంకాలము మాకిండని యడిగినపుడు కాదనుటకు మాకు నోరు రాలేదు. అయినను కన్నులకును ఒంటికిని హాని లేదని తెలిసికొనక ఔననుటయు తగదు. ఈ విచారణ పని మాకు అప్పగింపబడినది.

నల్లదీపమనగా నల్లని కాంతినిచ్చునది కాదు. అట్టి కాంతి లోకమున లేదు. మన కంటికి కనబడు వెలుగు ఊదారంగుతో ఆగిపోవును. దాని కావలను కిరణములు కలవని 1801లో జర్మనీ దేశస్థుడైన రిట్టరు, వెండిలవణము నల్లబడు తీరును బట్టి కనిపెట్టెను. వానినే అతినీలలోహిత కిరణములందురు. వీనిని నానోమీటర్లలో కొలుతురు. సుమారు 400 నానోమీటర్లకు తక్కువైన కిరణము మన కంటికి ఆనదు. అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్టు విలియమ్సు వుడ్డు 1903లో నికెలు ఆక్సైడు కలిపిన ముదురు గాజును చేసి, కనబడు వెలుగును అడ్డగించి, కనబడని ఈ కిరణములను మాత్రము పోనిచ్చెను. చర్మవైద్యులు కొన్ని వ్యాధులను గుర్తించుటకు నేటికిని వాడు దీపము ఆయన పేరనే యున్నది. కొన్ని పదార్థములు ఈ కనబడని కిరణమును మ్రింగి, అందు కొంత శక్తిని వేడిమిగా పోగొట్టుకొని, మిగిలినదానిని కనబడు వెలుగుగా వెలిగ్రక్కును. దానికి ప్రతిదీప్తి యని పేరు. దీపము ఆర్పిన మరుక్షణమే అదియు ఆరును. చీకటిగదిలో వస్తువు తానే దీపమైనట్లు తోచుట, ఇంతయే ఈ వేడుక.

చీకటి చేసికొని వెలుగును చూచుట మనకు కొత్తది కాదని అవ్వకు మేము చెప్పితిమి. తోలుబొమ్మలాట రాత్రివేళ తెరవెనుక దీపము పెట్టి ఆడునదే గదా. 1885లో కడపసీమయందలి సురభి గ్రామమున పుట్టిన నాటకసమాజమువారు చీకటిని, తెరను, దీపమును పట్టుకొనియే మాయాదృశ్యములు చూపి పేరు పొందిరి. అవ్వ విని ఊరకుండెను. ఒప్పుకొన్నట్లు మాత్రము కనబడలేదు.

పిల్లలు వ్రాసి యిచ్చిన సామగ్రి పట్టికలో మొదటిది టానిక్ వాటర్. పార్టీ యనగనే మద్యమని బెదరినవారికి ఈ పేరు మరింత అనుమానము కలిగించినది. అందు మద్యమేమియు లేదు. అది చేదైన సోడా. దానిని గాజుగ్లాసులో పోసి నల్లదీపము క్రింద పెట్టిన ఆకాశము దిగివచ్చినట్లు నీలముగా వెలుగును. ఆ వెలుగు అందున్న క్వినైనుది. మన ముదుసళ్ళు "కొయినా" యని మొగము చిట్లించుకొని చెప్పెడి మందు అదియే.

ఈ లోయవారికి క్వినైను పరాయివస్తువు కాదు. ముల్లైపెరియారు ఆనకట్ట 1887 మొదలు 1895 వరకు కట్టబడునపుడు అడవిజ్వరముచేత అనేకులు కూలివారు చనిపోయిరి. ఆ ఆనకట్ట నీటిచేతనే కంబము లోయలో వరి రెండు పంటలు పండుచున్నది. మన పొలములును దానిచేతనే నిలిచినవి. ఆ జ్వరమునకు నాడు తెలిసిన మందు సింకోనా పట్ట. 1860 తరువాత నీలగిరులలో ఆ చెట్లు నాటబడెను. నడువట్టమున ప్రభుత్వమువారి క్వినైను కర్మాగారము వెలసెను. పొట్లములు కట్టి తపాలా కార్యాలయములలో సైతము అమ్మించిరి. మలేరియా దోమలద్వారా వ్యాపించునని రొనాల్డు రాస్ 1897లో కనుగొన్న చోటు సికిందరాబాదు. ఇంత చరిత్ర గల మందు నేడు విందుగ్లాసులో అలంకారమై వెలుగుట చూచి మాకు నవ్వు వచ్చినది.

క్వినైను ద్రావణము ఎండలో పెట్టినపుడు పైయంచున నీలికాంతి కనబడునని 1845లో జాన్ హెర్షెల్ వ్రాసెను. దాని కారణమును విడదీసి చూపి, 1852లో ఈ గుణమునకు ఇంగ్లీషు పేరు పెట్టినవాడు స్టోక్సు. మన కొండకావల వత్రాప్ గ్రామమున 1898లో పుట్టిన కె. ఎస్. కృష్ణన్ గారు, తమ ఆచార్యులు రామన్ గారితో కలకత్తాలో పనిచేయునపుడు, ద్రవములలో కనబడిన మసకవెలుగు మొదట బలహీనమైన ప్రతిదీప్తియేమో యని అక్కడివారు తలచిరి. అది వేరొక గుణమని 1928 ఫిబ్రవరి 28వ తేదీన తేలినది. దానినే మనము రామన్ ఫలిత మందుము. ఈ మాట చెప్పినపుడు పిల్లలు చెవియొగ్గిరి. వత్రాప్‌లో చుట్టములున్నవారు వారిలో కొందరు కలరు.

త్రాగుటకు భయము లేదా యని తల్లులడిగిరి. అమెరికాలో ఈ పానీయమున పదిలక్షల పాళ్ళకు 83 పాళ్ళకు మించి క్వినైను ఉండరాదని నియమము కలదు. ఆ లెక్కన ఒక గ్లాసులో పదునారు మిల్లీగ్రాములు. జ్వరమునకిచ్చు మాత్ర అందుకు ఎన్నోరెట్లు పెద్దది. అయినను గర్భిణులును, క్వినైను పడనివారును దీనిని ముట్టరాదు. ఇందొక వినోదము కలదు. వెలుగుచున్న గ్లాసులో చెంచాడు ఉప్పు కలిపిన వెలుగు మసకబారును. ఉప్పులోని క్లోరైడు క్వినైను మ్రింగిన శక్తిని వెలుగుగా బయటికి రానీయదు. ఒక పిల్లవాడు ఉప్పు వేసి చూపగా, చుట్టునున్న పెద్దలు వానిచేత ఆ పని మూడుసార్లు చేయించిరి.

విదేశపు గ్లాసుల సంగతి యట్లుండగా, వెలుగు పాత్ర మన కొండలలోనే కలదని చెప్పుట మాకు ఎక్కువ ఇష్టము. వేంగై చెక్కతో తొలిచిన లోటాలు మన సంతలలో మీరు చూచియుందురు. రాత్రి నీరు పోసి ఉదయమున త్రాగిన చక్కెరవ్యాధికి మంచిదని అమ్ముదురు. ఆ మాట నిజమో కాదో వైద్యులు చెప్పవలసినదే గాని మేము చెప్పము. మాత్రలు మాని లోటాను నమ్ముకొనవలదని మాత్రము చెప్పుదుము. కాని ఆ నీటిని గాజుగ్లాసులోనికి వంచి ఎండలో నల్లగుడ్డ ముందు పెట్టి చూడుడు. తేనెరంగు నీటిపై నీలిఛాయ ఆడుచుండును. నల్లదీపము క్రింద ఆ నీలిమ స్పష్టముగా లేచి నిలుచును. ఫిలిప్పీను దీవులలో ఈ జాతికే చెందిన వేరొక చెట్టు చెక్కతో చేసిన గిన్నెలు నాలుగువందల యేండ్ల క్రిందట ఐరోపా రాజులకు వింతకానుకలుగా పోయెడివి. అట్టి చెక్కనీటిలో పులుపు కలిపిన నీలిమ పోవుననియు, క్షారము కలిపిన మరల వచ్చుననియు రాబర్టు బాయిలు 1664లోనే వ్రాసెను.

మురుగన్ వల్లికొరకు వేంగైచెట్టుగా మారెనని తమిళుల కథ. మనము కూడ ఆ చెట్టును వేంగై యనియే పిలుచుచున్నాము. తెలుగునాట దాని పేరు వేగిస. మన సభలో ఆ పేరెరిగినవారు ఒక్కరే యుండిరి. వారును చిత్తూరునుండి కోడలుగా వచ్చినవారు. రక్తచందనమును ఈ వంశపు చెట్టే. కొలువులో మొదట నిలుపు మరపాచి బొమ్మల జంట ఆ చెక్కతో చేయబడునదే గదా. ఆ లెక్కన వేగిసలోటా మరపాచి బొమ్మకు దాయాది.

ఇక గాజు. పిల్లల పట్టికలో "వెలిగే గ్లాసులు" అని యుండెను. నేడు అంగళ్ళలో ఆ పేరున అమ్ముడుపోవునవి చాలవరకు ప్రతిదీప్తి రంగు కలిపిన ప్లాస్టిక్కు. అసలు వెలుగుగాజు వేరు. 1789లో క్లాప్రోతు యురేనియమును గుర్తించెను. 1830 తరువాత బొహీమియా దేశపు రీడెల్ కుటుంబమువారు గాజులో యురేనియము కలిపి పసుపుపచ్చని, ఆకుపచ్చని పాత్రలు చేసి ప్రసిద్ధి కెక్కించిరి. పగటివెలుగున నిమ్మతొక్క రంగు; నల్లదీపము క్రింద లేత అరటియాకు రంగున మండును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున యురేనియము ప్రభుత్వముల చేతికి పోగా ఈ గాజు తయారగుట ఆగిపోయినది. తరువాత కొంత మొదలైనను మునుపటి వాడుక రాలేదు. చెట్టినాటి మేడలకు ఐరోపా గాజుసామాను ఓడలపై వచ్చిన కాలమొకటి గలదు. కారైక్కుడి పాతసామాను అంగళ్ళలో అట్టివి నేటికిని దొరకును. మా యింట కూడ రంగూనునుండి వచ్చినదని చెప్పుకొను పసుపుపచ్చని గిన్నె యొకటి గలదు. అందు చక్కెర పోసెడివారు. పిల్లలలో నొకతె దానిపై చిన్న దీపము పట్టగానే గిన్నె పచ్చగా మండినది. ఇంటిల్లిపాదియు ఒక్కసారిగా మూగవోయిరి.

దీనికి వెరచి పారవేయ నవసరము లేదు. గాజులో యురేనియము సాధారణముగా నూటికి రెండుపాళ్ళకు మించదు. కొన్ని పాతపాత్రలలో ఇరువదియైదు వరకును ఉండవచ్చును. చూచుటకును తాకుటకును భయము లేదు. కాని నిమ్మపులుసు, చింతపండు, ఊరగాయ వంటివి పులుపుచేత గాజునుండి కొంత లోహమును లాగుకొనగలవు గనుక అందు తినుటయు త్రాగుటయు వలదు. చిట్లిన గిన్నెను చేతపట్టరాదు. మా గిన్నెను చక్కెర తీసివేసి అద్దాల బీరువాలో పెట్టితిమి.

ఈ సందర్భమున ఒక మాట. మన ఊళ్ళలో బండ్లపై అంటించు మెరుపు కాగితములకు "రేడియం" అని పేరు. "రేడియం కటింగ్" అని బోర్డులు కనబడును. వానిలో రేడియము లేదు. ఎదుటి దీపమును తిప్పికొట్టు కాగితములే యవి. అసలు రేడియము రంగును గడియారపు అంకెలపై పూసిన అమెరికా బాలికలు కుంచెను పెదవులతో మొనచేసికొనుటచేత దవడలు కుళ్ళి చనిపోయిరి. వారిలో ఐదుగురు తెచ్చిన వ్యాజ్యము 1928లో రాజీతో ముగిసినది. చీకటిలో వెలుగు ప్రతివస్తువును ముచ్చటగా చూచుట తగదని చెప్పుటకే ఇది వ్రాసితిమి. పిల్లలు రంగుకలముల సిరాను నీళ్ళలో కలిపి సీసాలలో పెట్టుదుమనిరి. పెట్టవచ్చును; మూత బిగించి, తినుబండారముల బల్లకు దూరముగా. విరిచిన వెలుగు మెరుపుకడ్డీలు ఈ జాతివి కావు. లోపలి మందులు కలిసి వెలుగునవి. చిన్నపిల్లలు కొరుకుదురు గనుక వానిని మేము పట్టికలోనుండి కొట్టివేసితిమి.

డబ్బు పెట్టి కొనవలసినది చాల తక్కువయని తెలియుటకు మేము ఇంటిలోనే ఒక సాయంకాలము దీపము పట్టి తిరిగితిమి. దానివలన కలిగిన వినోదము సభలో కలిగినదానికంటె తక్కువ కాదు. సబ్బుపొడితో ఉతికిన పంచె, బనీను, చొక్కా పాలవెన్నెలవలె వెలిగినవి; ఉతుకుపొడిలో తెలుపు పెంచుటకు కలుపు మందు ప్రతిదీప్తి గలది. వేలరూపాయలు పోసి కొనిన పట్టుచీర మసకబారి మూలకు పోయినది. తాతగారి పెట్టుడుపళ్ళలో మూడు నల్లగా కనబడి, సొంతపళ్ళు తెల్లగా మెరిసినవి. ఏవి సొంతమో ఏవి కావో ఇన్నాళ్ళు దాచిన రహస్యము ఆ పూట బయటపడినది. నోటును పట్టిచూడగా దారమును, చిన్నచిన్న నూలుపోగులును మెరిసినవి. బ్యాంకులో గుమాస్తా నోటును నీలిదీపము క్రింద త్రిప్పుట ఇందుకే. ఏదేని పచ్చని ఆకును నూరి స్పిరిట్టులో కలిపి వడగట్టిన ఆ పచ్చనీరు నల్లదీపము క్రింద రక్తమువలె ఎర్రగా కనబడును. నమ్మనివారు చేసి చూడవచ్చును. స్పిరిట్టు దగ్గర నిప్పు మాత్రము ఉండరాదు.

అన్నింటికంటె పసుపు. నీళ్ళలో కలిపిన పసుపు అంతగా వెలుగదు. నూనెలో కలిపిన, ఒంటికి రాచిన, గుడ్డకు అద్దిన పసుపు బంగారమునకు పచ్చదనము పట్టినట్లు వెలుగును. సభలో అడ్డుచెప్పిన ఆ అవ్వయే మా యింటికి వచ్చియుండగా ఆమె మెడలోని పసుపుత్రాడు చీకటిలో కనబడినది. ముఖమునకు రాచిన పసుపు చెంపలపై గీతలుగా నిలిచినది. ఆమె చేయి చూచుకొని, మెడ తడిమి చూచుకొని, "ఇది నా పసుపేనా?" అని అడిగినది. ఔనంటిమి. ఆ తరువాత ఆమె నోట లచ్చిమి మాట రాలేదు.

ఇంతవరకు అంతయు వేడుకయే. చిక్కంతయు దీపమునందున్నది. ఇక్కడ మేము కొంచెము కఠినముగా వ్రాయుదుము.

అతినీలలోహిత కిరణములన్నియు ఒక్కటి కావు. 315 మొదలు 400 నానోమీటర్ల వరకు గలవి ఒకజాతి; నల్లదీపమునకు కావలసినవి ఇవియే. 280 మొదలు 315 వరకు గలవి చర్మమును కాల్చునవి. 280కి తక్కువైనవి సూక్ష్మజీవులను చంపుటకు వాడునవి. ఆసుపత్రులలో, నీటిశుద్ధి యంత్రములలో వాడు గొట్టము 254 నానోమీటర్లది. 2020లో కరోనా మహమ్మారి వచ్చినపుడు ఈ మూడవజాతి గొట్టములను ఇండ్లవారు సైతము కొనిరి. రోగభయము తగ్గిన పిమ్మట అవి అటకలెక్కినవి. అటకపైనుండి దిగినపుడు "ఇదియు నీలిదీపమే గదా" యని అలంకారమునకు వాడుట మొదలైనది. మాకు తెలిసిన యొక పెండ్లిలో, అలంకరణకు ఒప్పుకొన్నవాడొకడు అట్టి గొట్టములు రెండు వేదికకిరువైపుల పెట్టెను. ఆ రాత్రి ఎవరికిని ఏమియు తోచలేదు. తెల్లవారుజామున మా చుట్టముల పిల్లలు నలుగురు కన్నులు తెరువలేక, ఇసుక పోసినట్లున్నదని ఏడ్చుచు లేచిరి. ముఖములు ఎర్రగా కమిలినవి. రెండుదినములకు తగ్గినది; తగ్గినది గనుక సరిపోయినది. బాధ కొన్ని గంటల తరువాత గాని తెలియకపోవుటయే ఇందలి మోసము. వాని పేరు మాకు ప్రధానము కాదు, గొట్టము ప్రధానము.

గుర్తుపట్టుట కష్టము కాదు. నల్లదీపపు గొట్టము వెలిగించకముందు ముదురు ఊదా, ఇంచుమించు నలుపు. సూక్ష్మజీవులను చంపు గొట్టము మంచినీటివలె స్వచ్ఛమైన గాజు, లోపల తీగ కనబడును. వెలిగించినపుడు లేతనీలము. ఆ స్వచ్ఛమైన గొట్టమును మనుష్యులున్న గదిలో ఎన్నడును వెలిగింపరాదు. నల్లదీపమైనను ఎంతయైనను చాలదనుకొనుట తప్పు. 2023 నవంబరులో హాంకాంగు నగరమున జరిగిన పెద్ద వేడుకలో అనేకులకు కన్నులు మండి, కొందరికి చర్మము కాలినపుడు, అతినీలలోహిత దీపములే కారణమై యుండవచ్చునని నిర్వాహకులే ప్రకటించిరి. దీపము తలకు పైన, గోడవైపు తిరిగి, చూపునకు దూరముగా ఉండవలెను. దానివైపు చూచిన చూపు పొగమంచు కమ్మినట్లగును. కంటిలోని కటకము సైతము ఆ కిరణమునకు కొంచెము వెలుగుటయే కారణము. చంటిబిడ్డలను ఆ గదిలోనికి తేరాదు. గంటకు మించి వేడుక వలదు. దీపముల పెట్టెపై నానోమీటర్ల సంఖ్య లేనిచో కొనరాదు. ఈ షరతులన్నిటిని పిల్లలు వ్రాసికొని సంతకములు చేసిరి, తమిళమున.

ఆ సంతకములను చూచియే మన సంఘపు పెద్దలలో నొకరు ఇంకొక షరతు పెట్టిరి. గోడలపై వెలుగు వ్రాతలు ఏవైనను తెలుగున ఉండవలెనని. పిల్లలు ముఖముఖములు చూచుకొనిరి. వ్రాయువారెవరు? చిత్తూరు కోడలుగారిని అడిగిరి. ఆమె ఆదివారములు నాలుగు మధ్యాహ్నములు వారిని కూర్చుండబెట్టి అక్షరములు దిద్దించిరి. పదునెనిమిదేండ్లవారు, ఇరువదేండ్లవారు ఓనమాలు దిద్దుటకు సిగ్గుపడలేదు. అది బడి కాదు, పార్టీకి ఏర్పాటు. ఒకని "ఱ" ఎప్పటికిని కుదురలేదు. వదలివేయుమనిరి.

వ్రాయుటకు తెల్లకాగితము పనికిరాలేదు. కాగితమునందే తెలుపుమందు ఉండుటచేత కాగితమంతయు వెలిగి అక్షరము మునిగిపోవును. కోరాగుడ్డ తెచ్చిరి. చలువచేయని నూలు ఈ కిరణమునకు వెలుగదు. ఉతుకుపొడిని నీళ్ళలో చిక్కగా కలిపి, కుంచెతో కోరాగుడ్డపై వ్రాసి ఆరవేసిరి. ఆరిన తరువాత గుడ్డపై ఏమియు కనబడదు.

యుగాదినాటి సాయంకాలము మందిరములో చుట్టును వట్టి కోరాగుడ్డ వ్రేలాడుచుండెను. అలంకారమేదియని వచ్చినవారడిగిరి. ముందు వాకిటిలోని దీపము ఆరకుండ నూనె పోసిరి. అది అవ్వ పెట్టిన షరతు. తరువాత లోపలి విద్యుద్దీపము లార్పిరి. నల్లదీపములు వెలిగించిరి. నాలుగు గోడలపై మన కుటుంబముల ఇంటిపేర్లు తెలుగక్షరములలో, ఒక్కొక్కటి మూరెడు ఎత్తున, నీలముగా లేచినవి. అక్షరములు ఒకటి లావు, ఒకటి సన్నము. కొన్ని గుణింతములు తప్పు. మందిరములో ఎనుబదిమందికి పైగా ఉండిరి. ఆ వ్రాతలను చదువగలిగినవారు పెద్దలలో ముగ్గురు. మిగిలిన పెద్దలు మనుమలను పిలిచి, మనదేది, మనదేది యని అడుగసాగిరి. పిల్లలు వ్రేలుపెట్టి చూపుచు చదివి చెప్పిరి. డెబ్బదియేండ్ల రైతు యొకరు తమ ఇంటిపేరును వ్రేలితో గుడ్డపై మొదటినుండి చివరివరకు దిద్ది, మరల మొదటికి వచ్చిరి. ఆ పూట పాటలు పెట్టుదుమన్న పిల్లలు చాలసేపు పెట్టలేదు.

చిన్నమనూరు లిపులకు కొత్తది కాదు. ఈ ఊరి పేర ప్రసిద్ధములైన పాండ్యుల తామ్రశాసనములలో సంస్కృతభాగము గ్రంథలిపిలోను, తమిళభాగము వట్టెళుత్తులోను చెక్కబడియున్నవి. వట్టెళుత్తు చదువువారు నేడు ఎందరు కలరో మన తమిళ మిత్రులనే అడుగవచ్చును.

వేడుకకు తెచ్చిన చిన్న చేతిదీపముల సంగతి మిగిలినది. తేలు నల్లదీపము క్రింద ఆకుపచ్చని నీలముగా వెలుగును. దాని పైపెంకులోని పలుచని పొర కారణము. విడిచిన కుబుసము సైతము వెలుగును. సభ ముగిసిన రాత్రి ఇద్దరు పిల్లలు ఆ దీపములతో కొబ్బరితోటలో రాళ్ళకట్టవెంట నడచి, పది అడుగులలో మూడు తేళ్ళను చూచి కేకలు వేసిరి. తోట యజమాని ఆ కట్టపై ముప్పదియేండ్లుగా చీకటిలో కూర్చుండి నీరు కట్టెడివారు. మరునాడే కొన్ని వందల రూపాయలకు అట్టి దీపమొకటి తెప్పించుకొనిరి. ఇపుడు ఆ వీధిలో ఐదారిండ్ల పెరటితలుపులకు అవి వ్రేలాడుచున్నవి. కట్టెలు తీయబోవు ముందు, వట్టలమ్మెలు కదుపు ముందు, చెప్పులు తొడుగుకొను ముందు ఒకసారి పట్టి చూచుచున్నారు. నీటికాలువ కూలివారికి కూడ ఒకటి కొనియిచ్చుట బాగుండునని మేము చెప్పియున్నాము, ఇంకను కొనలేదు.

ఆ కోరాగుడ్డలను ఉతుకరాదు. ఉతికిన అంతయు వెలుగును. మడిచి సంఘపు పెట్టెలో పెట్టియుంచిరి. ఈ యుగాదికి పిల్లలు మరల గుడ్డ కావలెనని వ్రాసిరి. కిందటిసారి నలువదిగజములు, ఈసారి నూరు గజములు కావలెనట. ఇంటిపేర్లు చాలునా, ఊళ్ళపేర్లు కూడ వ్రాయవలెనా యని వారిలో వారికే వాదము నడచుచున్నది. తమ పూర్వులు ఏ యూరినుండి వచ్చిరో ఎరిగిన కుటుంబములవారు దయచేసి ఆ పేర్లను చైత్రమునకు ముందే చిత్తూరు కోడలుగారికి చెప్పవలెను. తమిళమున వ్రాసి పంపినను ఆమె తెలుగున దిద్దియిత్తురు.